హ్యూన్‌త్సాంగ్ లెక్కలతో వేంగి నుంచి కంచి దాకా: పటం ముందు పెట్టుకున్న నా అనుభవం

హ్యూన్‌త్సాంగ్ అనే చైనా బౌద్ధ భిక్షువు మన నేల మీద నడిచింది 639-40 ప్రాంతంలో. చైనాకు తిరిగి వెళ్ళాక ఆయన చెబుతుంటే బియాన్‌జి అనే భిక్షువు రాసిన యాత్రా వృత్తాంతం 646లో పూర్తయింది. మొత్తం పన్నెండు భాగాలు, 138 దేశాలు. మనకు పనికొచ్చేది పదో భాగం. అందులో వరసగా ఆంధ్ర, ధాన్యకటకం (ఇప్పటి అమరావతి ప్రాంతం), చుళ్య, ద్రావిడ దేశాల వర్ణనలు ఉంటాయి. ఒక్కోటి ఒకటి రెండు పేజీలకు మించదు, చదవడానికి పావుగంట చాలు. కానీ అందులో చెప్పిన దూరాలనూ దిక్కులనూ పటం మీద పెట్టబోతే ఒక్కటీ కుదురుగా కూర్చోదు. ఎక్కడ కూర్చోదో, ఎందుకు కూర్చోదో తెలుసుకోవడానికి నేను పాటించిన పద్ధతి ఇది.

ముందు పేర్ల గొడవ. హ్యూన్‌త్సాంగ్, హుయాన్‌త్సాంగ్, యువాన్ చువాంగ్, షువాన్‌జాంగ్ అందరూ ఒక్కడే. మిగతా చైనా యాత్రికుల్లోనూ ఫాహియాన్, ఫాషియెన్ ఒకరే. ఇత్సింగ్, యిజింగ్ ఒకరే. పాత ఇంగ్లీషు పుస్తకాలు ఒక రకంగా, కొత్తవి మరో రకంగా రాస్తాయి. వెతికేటప్పుడు అన్ని రూపాలతోనూ వెతక్కపోతే సగం సమాచారం చేతికి రాదు.

అనువాదాలు కనీసం రెండు దగ్గర పెట్టుకోవాలి. ఎక్కువగా దొరికేది 1884 నాటి శామ్యూల్ బీల్ ఇంగ్లీషు అనువాదం. పాతది, తప్పులున్నాయి, అయినా ఊరి పేర్లను అక్షరం అక్షరం విడగొట్టి చూపించడం దాని మేలు. దాన్ని 1904-05లో అచ్చయిన థామస్ వాటర్స్ వ్యాఖ్యానంతో పోల్చి చూస్తే బీల్ ఎక్కడ జారాడో దొరికిపోతుంది. వీటితో పాటు హ్యూన్‌త్సాంగ్ జీవిత చరిత్ర కూడా తప్పకుండా కావాలి. దాన్ని హ్యూలీ మొదలుపెడితే 688లో యాన్‌త్సాంగ్ పూర్తిచేశాడు. ఈ రెండు పుస్తకాల స్వభావాలు వేరు. వృత్తాంతం తాంగ్ చక్రవర్తి తైజాంగ్ అడిగితే తయారైన నివేదిక, అందులో మనిషి కనిపించడు. ధాన్యకటకంలో ఆయన ఎన్నాళ్ళున్నాడో, ఎవర్ని కలిశాడో వృత్తాంతంలో ఒక్క ముక్క లేదు. జీవిత చరిత్ర తిరగేస్తే అక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువులున్నారనీ, మహాసాంఘిక అనే బౌద్ధ శాఖ తత్వశాస్త్రం (అభిధర్మం) వాళ్ళ దగ్గర నేర్చుకుంటూ కొన్ని నెలలు ఆగాడనీ తెలుస్తుంది. ఒక్క పుస్తకమే చూసినవాళ్ళు ఆయన అమరావతి మీదుగా అలా నడుచుకుంటూ పోయాడని రాసేస్తారు.

ఇక పని. ప్రతి దేశ వర్ణనా దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటుంది: ఎక్కడి నుంచి, ఏ దిక్కుగా, ఎన్ని లీ (లీ అంటే చైనావాళ్ళ దూరపు కొలత), దేశం చుట్టుకొలత, రాజధాని చుట్టుకొలత, నేల, పంట, ఎండ, మనుషుల తీరు, భాష, లిపి, సంఘారామాలు (బౌద్ధ విహారాలు) ఎన్ని, భిక్షువులెందరు, దేవాలయాలెన్ని, ఆ తర్వాత రాజధాని నుంచి దిక్కుల వారీగా చూడదగినవి. వీటిని అడ్డవరసలుగా, దేశాలను నిలువు వరసలుగా ఒక పట్టిక గీసుకున్నాను. కథలకు చివర్లో వేరే గడి. పట్టిక వేశాకే కొన్ని విషయాలు కంటపడతాయి. ఆంధ్రలో సంఘారామాలు ఇరవై పైచిలుకు, భిక్షువులు మూడు వేలు, దేవాలయాలు ముప్పై పైచిలుకు. పక్కనే ధాన్యకటకంలో సంఘారామాలు చాలా ఉన్నా ఎక్కువ పాడుబడ్డాయి, మిగిలినవి ఇరవై పైచిలుకు, భిక్షువులు వెయ్యిమంది, దేవాలయాలు నూరు దాటాయి. విడివిడిగా చదువుతుంటే ఇవి ఉత్త అంకెలు. పక్కపక్కన పెడితే, ఒకప్పుడు మహాచైత్యంతో (అమరావతి పెద్ద స్తూపంతో) వెలిగిన చోట బౌద్ధం ఎంత సన్నగిల్లిందో కనిపిస్తుంది.

భాష గడి నింపుతున్నప్పుడు కాసేపు ఆగాలి. ఆంధ్ర దేశం గురించి ఆయన అన్నది ఇది: మాట, ఉచ్చారణ మధ్యదేశానికి (ఉత్తర భారతం నడిమి ప్రాంతానికి) భిన్నం, లిపి పద్ధతి మాత్రం చాలావరకు అదే. ఇంటి బయట నిలబడి విన్న మనిషి మన మాట గురించి చెప్పిన ముక్క కాబట్టి తేలిగ్గా దాటిపోలేం. అప్పుడు వేంగిలో తూర్పు చాళుక్యుల పాలన కొత్తగా మొదలై ఉంది, కుబ్జ విష్ణువర్ధనుడి కాలం.

తర్వాత క్రియాపదం చూడాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. చైనా మూలంలో దూరం చెప్పే వాక్యాల్లో రెండు మాటలు ముఖ్యం: 'శింగ్' అంటే నడవడం, 'జీ' అంటే చేరడం. వృత్తాంతం చివర బియాన్‌జి రాసిన మాటల్లోనే దీనికి తాళంచెవి ఉంది. 'శింగ్' అని రాసిన చోట స్వయంగా తిరిగినట్టు, 'జీ' అని మాత్రమే ఎత్తుకున్న చోట విని రాసినట్టు. ఆంధ్రకు వచ్చే వాక్యంలో 'శింగ్' ఉంది: కోసలం (మధ్య భారతంలోని దక్షిణ కోసలం) నుంచి దక్షిణంగా పెద్ద అడవిలో 900 లీ పైచిలుకు నడిచి. ధాన్యకటకం వాక్యంలోనూ ఉంది. ఇంగ్లీషు అనువాదాల్లో ఈ తేడా నిలబడదు, రెండూ 'వెళ్ళాడు' అయిపోతాయి. చైనా భాష రాకపోయినా ఫరవాలేదు, మూలపాఠం తెరిచి ఆ ఒక్క అక్షరం ఉందో లేదో పోల్చుకుంటే చాలు. అలాగని దాన్ని గుడ్డిగానూ నమ్మకూడదు. కంచికి దక్షిణాన ఉన్న మలకూటానికి ఆయన స్వయంగా వెళ్ళినట్టే వృత్తాంతం వాక్యం చదువుతాం, జీవిత చరిత్రేమో అలాంటి దేశం ఉందని విన్నాడంటుంది. అలాంటి చోట పట్టికలో 'వినికిడి' అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

ఇప్పుడు అసలు తలనొప్పి, లీ. ఒక లీ అంటే ఇన్ని మీటర్లని ఎక్కడో ఒక అంకె పట్టుకుని గుణించడం అందరూ చేసే మొదటి తప్పు. నేనూ అలాగే మొదలుపెట్టాను. హ్యూన్‌త్సాంగ్ కూడా రెండో భాగంలో యోజనం గురించి చెబుతూ, సైన్యం ఒక రోజు నడిచే దూరమనీ, పాత లెక్కలో 40 లీ అనీ, భారతదేశంలో వాడుక 30 లీ అనీ, బౌద్ధ గ్రంథాల్లో 16 లీ అనీ మూడు లెక్కలిచ్చాడు. దారిలో ఎవరో 'ఇన్ని యోజనాలు' అని చెబితే, దాన్ని ఆయన ఏ లెక్కన లీలోకి మార్చుకున్నాడో మనకెలా తెలుస్తుంది? అందుకే అంకెను బయటి నుంచి తేకుండా, రెండు కొనలూ ఖాయంగా తెలిసిన చోట్ల నుంచి రాబట్టుకోవాలి.

రాజగృహం నుంచి ఉత్తరంగా నలందకు 30 లీ పైచిలుకు అన్నాడు. ఉపగ్రహ పటం మీద అడ్డగీత (రెండు చోట్ల మధ్య నేరు దూరం) కొలిస్తే సుమారు 12 కిలోమీటర్లు. అంటే లీకి 0.4 కిలోమీటరు. కాశీ దగ్గర వరణా నది నుంచి ఈశాన్యంగా మృగదావానికి (సారనాథ్‌కు) 10 లీ పైచిలుకు అన్నాడు. అక్కడా నాలుగైదు కిలోమీటర్లే వస్తుంది. దగ్గరి దూరాలు బాగా కుదురుతాయని ధైర్యం వచ్చింది. కొలిచేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రోడ్డు దూరం వాడకూడదు, ఎందుకంటే ఇప్పటి రోడ్డు ఇప్పటి వంతెనల కోసం వంకర తిరుగుతుంది. ముందు అడ్డగీత కొలిచి, నడక దారి వంకరకు ఎంత కలపాలో తర్వాత ఆలోచించాలి.

ఇదే లీతో మన వైపు వద్దాం. ఆంధ్ర రాజధాని పింగ్-కి-లో. దీన్ని ఏలూరు దగ్గరి పెదవేగి, అంటే శాలంకాయనుల నాటి వేంగీపురం అనుకోవడం మామూలు. అక్కడి నుంచి అడవిలో దక్షిణంగా 1000 లీ పైచిలుకు నడిచి ధాన్యకటకం చేరాడు. 0.4 చొప్పున 400 కిలోమీటర్లు. పెదవేగి నుంచి నేరుగా దక్షిణంగా 400 కిలోమీటర్లు గీస్తే గీత బంగాళాఖాతంలో మునుగుతుంది. గీత బదులు వృత్తం గీస్తే అది కంచికి కాస్త ఇవతల దాకా పోతుంది. నిజానికి పెదవేగి నుంచి అమరావతికి అడ్డగీత 84 కిలోమీటర్లు, అదీ దక్షిణం కాదు, నైరుతికి కూడా ఇంకా పడమరగా. ఆయన చెప్పినదానికి అయిదో వంతు!

ఇక్కడ చేతులెత్తేయకుండా ముందుకు కొలవాలి. ధాన్యకటకం నుంచి నైరుతిగా 1000 లీ పైచిలుకు చుళ్య. అక్కడి నుంచి దక్షిణంగా 1500-1600 లీ ద్రావిడ దేశం, రాజధాని కాంచీపురం. మొత్తం 2500-2600 లీ. అమరావతి నుంచి కంచికి అడ్డగీత 420 కిలోమీటర్లు. లీకి 0.16 కిలోమీటరు పడుతుంది. అంటే ఈ దారిలో ఆయన లెక్క రెండున్నర రెట్లు ఎక్కువ, వేంగి దారిలో దాదాపు అయిదు రెట్లు. అడవి దారి, నదుల దగ్గర రేవుల కోసం ఆగడం, రోజుల లెక్కను దూరంగా మార్చడం అన్నీ కలిసి రెండు రెండున్నర రెట్లు పెరిగిందంటే ఒప్పుకోవచ్చు. అయిదు రెట్లకు ఆ కారణాలు చాలవు. కాబట్టి వేంగి అన్న గుర్తింపులోనో, ఆ అంకెలోనో, ఆయన ఎక్కిన దారిలోనో ఏదో ఒకటి తేడా. నా పట్టికలో ఆ గడి ఎర్ర రంగులోనే ఉంది. పాత పరిశోధకులు ఇలాంటి చోట దిక్కును మార్చేసి, 'దక్షిణం అన్నది లేఖకుడి పొరపాటు, నైరుతి అని చదువుకోవాలి' అని సర్దుకునేవారు. ఒకసారి దిక్కు దిద్దడం అలవాటైతే ప్రతి ఊరూ మనం అనుకున్న చోటికే వచ్చి వాలుతుంది. దిద్దకూడదు, అలాగే వదిలేయాలి.

పేరు సంగతీ తేలిక కాదు. చైనా లిపిలో ఒక్కో గుర్తుకు ఒక్కో అక్షరం పలుకుతుంది కాబట్టి సంస్కృత పేరును ముక్కలు చేసి రాస్తారు. అది కూడా తాంగ్ కాలపు ఉచ్చారణ, ఇప్పటి బీజింగ్ ఉచ్చారణ కాదు. పేరు విప్పేటప్పుడు నేను చేసింది, అదే భాగంలో మనకు ఖాయంగా తెలిసిన పేర్లలో ఆ గుర్తు ఏ ధ్వనికి నిలబడిందో ముందు చూసుకోవడం. 'అన్-త-లో' అంటే ఆంధ్ర, కాబట్టి 'లో' మన 'ర'. 'త-లో-పి-తు' అంటే ద్రవిడ, అక్కడా 'లో' అంటే 'ర'. అలా చూస్తే పింగ్-కి-లోలో 'వేంగి' వచ్చాక ఒక 'ర' చేతిలో మిగిలిపోతుంది. దూరం లెక్క తేడా వచ్చిన చోటే పేరులోనూ తోక మిగిలింది. రెండు అనుమానాలు ఒకే ఊరి మీద పడటం గమనించాల్సిన విషయం. అదే ధాన్యకటకం చూడండి: 'తో-న-కీ-త్సె-కియ', అయిదు ముక్కలు, ధ-న-క-ట-క, ఒక్కటీ మిగల్లేదు. పైగా ఆయన విన్నది 'ధన', 'ధాన్య' కాదు. అమరావతి శాసనాల్లో మాత్రం ప్రాకృత రూపం ధంనకడ.

బౌద్ధ తార్కికుడు దిజ్ఞాగుడి కొండ ఇంకో చిక్కు. ఆంధ్ర రాజధానికి నైరుతిగా 20 లీ దూరంలో ఒంటరి కొండ, దాని మీద రాతి స్తూపం, అక్కడే దిజ్ఞాగుడు హేతువిద్యా (తర్క) గ్రంథం రాశాడని వృత్తాంతం. ఈ మాట వినగానే మనవాళ్ళు గుంటుపల్లి గుహల వైపు చూపిస్తారు. గుంటుపల్లి పెదవేగికి ఉత్తరాన ఉంది, అడ్డగీతే ఇరవై కిలోమీటర్లు పైమాట. హ్యూన్‌త్సాంగ్ లెక్క ప్రకారం ఎనిమిది కిలోమీటర్లు, నైరుతి. అటు పోతే ఏలూరు, ఆ కింద కొల్లేటి పల్లం. దగ్గరి దూరాలు సరిగ్గా చెప్పే మనిషి అని నలంద దగ్గర చూశాం. కాబట్టి ఇక్కడ గుంటుపల్లిని బలవంతంగా ఇరికించలేం.

ధాన్యకటకం ఎక్కడన్న దాని మీద 19వ శతాబ్దంలో పండితుల మధ్య పెద్ద వాదమే నడిచింది. నగరానికి తూర్పు కొండ మీద పూర్వశైల విహారం, పడమటి కొండ మీద అవరశైల విహారం అని వృత్తాంతం. రెండు పక్కలా కొండలు చూడగానే ఫెర్గుసన్ విజయవాడ అన్నాడు, సీవెల్ ఆయన్ని బలపరిచాడు. ఇంద్రకీలాద్రి ఒకవైపు, మొగల్రాజపురం కొండలు మరోవైపు, రెండింట్లోనూ గుహలు. చూడటానికి అచ్చు గుద్దినట్టుంటుంది. కన్నింగ్‌హామ్, బర్జెస్ మాత్రం అమరావతి పక్కన ధరణికోట అన్నారు. అమరావతికి ఆనుకుని అలా జంట కొండలు లేవు. అయినా ధరణికోటే గెలిచింది, కారణం శాసనాల్లో ఊరి పేరు అక్కడే దొరకడం. దీని నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటి: కొండ, గుట్ట, వాగు పోలికలు ఎంత బాగా కుదిరినా అవి సాక్ష్యంలో చివరి వరస, రాతి మీద పేరు మొదటి వరస. ఇంకోటి, వేంగి నుంచి ధరణికోటకు పోవాలంటే కృష్ణ దాటాలి. నదులను తరచుగా ప్రస్తావించే ఈ మనిషి ఆ వాక్యంలో నది ఊసే ఎత్తలేదు. విజయవాడ పక్షం వాళ్ళకు ఇది పనికొచ్చే ముక్కే, కానీ ఒక మాట లేకపోవడాన్ని సాక్ష్యంగా చూపి ఊరిని కదపలేం.

కథల గడికి వద్దాం. వీటిని కట్టుకథలని కొట్టేస్తే సగం సమాచారం పోతుంది. పూర్వశైలం గురించి ఆయన చెప్పింది: పూర్వం ఏటా వెయ్యిమంది భిక్షువులు వర్షావాసానికి వచ్చేవారు, వానాకాలం ముగిసిన రోజున అందరూ అర్హతులై (జ్ఞానసిద్ధి పొందినవారై) గాలిలో ఎగిరి వెళ్ళేవారు. తర్వాత కాలంలో మామూలు వాళ్ళు, సిద్ధులు కలిసి ఉన్నారు. గత నూరేళ్ళుగా కొండ దేవతలు తోడేళ్ళుగా, కోతులుగా మారి దారినపోయేవాళ్ళను బెదిరిస్తున్నాయి, అందుకని భిక్షువులే లేరు. ఎగరడం, బెదిరించడం పక్కన పెట్టి చూడండి. నిండుగా ఉన్న కాలం, పలచబడిన కాలం, ఖాళీ అయిన కాలం. ఖాళీ అయి నూరేళ్ళు. 639-40 నుంచి నూరేళ్ళు వెనక్కి పోతే ఆరో శతాబ్దం మధ్య. అడవి పట్టిన గుడిలో కోతులు, నక్కలు తిరగడానికి మాయ అక్కర్లేదు. బౌద్ధ తత్వవేత్త భావవివేకుడి కథ మాత్రం వేరే జాతి. రాబోయే బుద్ధుడైన మైత్రేయుడు వచ్చేదాకా బతికి ఉండాలని మంత్రించిన ఆవాలతో కొండ బండను కొట్టి, అది తెరుచుకుంటే అసురుల కోటలోకి వెళ్ళిపోయాడట. చూస్తున్న జనంలో ఆరుగురే ఆయన వెంట లోపలికి వెళ్ళారట. ఇందులో నాకు పట్టికలోకి ఎక్కింది ఒక్కటే: నగరానికి దక్షిణాన, దూరం కాకుండా, పెద్ద కొండ బండ. మిగతాది ఊరివాళ్ళు చెప్పుకునే కథ.

విన్న కథ ఎలా పెరుగుతుందో చూడాలంటే హ్యూన్‌త్సాంగ్‌కు రెండు వందల ఏళ్ళు ముందొచ్చిన ఫాహియాన్ దగ్గరికి పోవాలి. 399లో చాంగాన్ నుంచి బయల్దేరిన ఆయన దక్షిణాపథానికి రాలేదు. దారి ప్రమాదకరం, రాజుకు సొమ్ము కట్టి మనుషుల్ని తోడు తీసుకోవాలి, కుదరలేదని ఆయనే ఒప్పుకుని, విన్నది రాశాడు. కొండను తొలిచి కట్టిన అయిదంతస్తుల విహారం, అడుగున ఏనుగు ఆకారం, ఆ పైన సింహం, గుర్రం, ఎద్దు, అన్నింటి మీదా పావురం, అందుకని దాని పేరు పావురాల విహారం. తెలుగువాడికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. పావురం సంస్కృతంలో పారావతం. ఎవరో 'పర్వత విహారం' అంటే ఇంకెవరో 'పారావత' అని విని ఉంటారన్నది చాలామంది పండితుల ఊహ. ఇక అయిదంతస్తుల విహారమంటే హ్యూన్‌త్సాంగ్ వృత్తాంతంలోనూ ఒకటుంది, నాగార్జునుడి కోసం శాతవాహన రాజు కొండను తొలిపించి కట్టించినది. దాన్ని చూసి వెంటనే నాగార్జునకొండ అనేస్తారు. ఆయన మాత్రం ఆ కొండను కోసల దేశం వర్ణనలో పెట్టాడు, ఆంధ్రలోనో ధాన్యకటకంలోనో కాదు. పేరు కలిసింది కదా అని గడి మార్చకండి.

చుళ్య గురించి ఒక హెచ్చరిక. పేరు చూసి తంజావూరు చోళులనుకుంటే పటం తలకిందులవుతుంది. కంచికి ఉత్తరాన, ధాన్యకటకానికి నైరుతిన ఉన్న దేశం ఇది. అమరావతి నుంచి కడపకు గీత గీస్తే దాదాపు నైరుతి, 286 కిలోమీటర్లు. రేనాటి చోళుల సీమ. హ్యూన్‌త్సాంగ్ రాసింది: చిత్తడి నేలలు, అడవులు, జనం తక్కువ, దొంగలు బాహాటంగా తిరుగుతారు, సంఘారామాలు శిథిలం. ఇదంతా చదివి 'ఏమీ లేని దేశం' అని పట్టికలో రాయబోతే చెయ్యి ఆగుతుంది. ఆయన రావడానికి అరవై ఏళ్ళకు పైగా ముందే, 575 ప్రాంతంలో, అదే సీమలో కలమళ్ళ శాసనం పడింది. తెలుగులో రాసిన తొలి శాసనాల్లో ఒకటి. ఆయన గడుల్లో రాజు ఊసు, సంఘారామాల లెక్క, దొంగల భయం ఉన్నాయి. ఊరి మాటను రాతి మీద చెక్కించడం మొదలైందని చూసే గడి లేదు. వృత్తాంతం దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఈ ఒక్క దేశం దగ్గర బాగా అర్థమైంది.

పటం పని అయ్యాక చోటు చూడటానికి వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. అమరావతిలో మహాచైత్యం వేదిక, కొన్ని రాళ్ళు మాత్రమే ఉన్నాయి. 1797లో బ్రిటిష్ అధికారి మెకంజీ చూసేసరికే స్థానిక జమీందారు కట్టడాల కోసం దిబ్బ తవ్వేశారు. చెక్కిన పలకల్లో పెద్ద వాటాలు చెన్నై మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. స్తూపం ఎలా ఉండేదో తెలియాలంటే స్తూపాన్నే చెక్కిన ఆ పలకలను ముందు చూసి, తర్వాత అమరావతి వెళ్తే కళ్ళకు కడుతుంది. విజయవాడ కూడా చూడండి, ఫెర్గుసన్ ఎందుకు పొరబడ్డాడో ఇంద్రకీలాద్రి మెట్ల మీద నిలబడి తూర్పుకు తిరిగితే తెలిసిపోతుంది.

కంచిలో ఆయనకు సింహళ భిక్షువులు ఎదురయ్యారు. రాజు చనిపోయాడు, దేశంలో కరువు, అందుకే మేం ఇటు వచ్చామన్నారు. హ్యూన్‌త్సాంగ్ సముద్రం దాటే ఆలోచన మానుకున్నాడు. కాబట్టి సింహళం వర్ణన ఎంత పొడుగున్నా, పట్టికలో దాని దూరం గడిలో 'వినికిడి' అనే రాయాలి. కంచి నుంచి ఉత్తరంగా అడవుల్లో 2000 లీ పైచిలుకు, కొంకణపురం. మళ్ళీ 'శింగ్' కనిపిస్తుంది, లీకి ఎన్ని కిలోమీటర్లో మళ్ళీ కొత్తగా రాబట్టుకోవాలి.